పెద్ద టైరు వేరు, పెద్ద రిమ్ము వేరు

సంపాదకుల వారికి,

నమస్కారాలు. పికప్ వాహనాలకు కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి అంతకంటే పెద్దవి బిగించుకునే అలవాటు గురించి మీ పత్రిక వాహనాల పేజీలో వచ్చిన వ్యాసాన్ని, దానిపై ఆ తర్వాత అచ్చయిన పాఠకుల లేఖలను శ్రద్ధగా చదివాను. పెద్ద చక్రాలు వేయించాక బండి పడవలా సాగిపోతోందని ఒకరు, నడుము విరుగుతోందని మరొకరు, మైలేజీలో పెద్ద తేడా రాలేదని ఒకరు, ఆరో వంతు పోయిందని ఇంకొకరు రాశారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పారని నేను అనుకోను. అయితే ఎవరు ఏ కొలత తీయించి ఏ కొలత వేయించారన్నది వ్యాసంలోనూ లేదు, లేఖల్లోనూ లేదు. 'పెద్ద చక్రాలు' అన్న ఒక్క మాట కింద రెండు మూడు వేర్వేరు మార్పులను ఒకే గాటన కట్టేయడం వల్లనే ఈ వాదం ఎటూ తెగడం లేదు. కొన్నేళ్లుగా పికప్ నడుపుతూ, మోజు పడి ఒకసారి పెద్ద టైర్లు వేయించి, పద్నాలుగు నెలల తర్వాత వాటిని తీయించిన వాణ్ని కనుక, నాకు అర్థమైనంత మేరకు ఈ సంగతిని కాస్త వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

ముందుగా టైరు పక్కన అచ్చొత్తి ఉండే అంకెల సంగతి చూద్దాం. నా బండికి కంపెనీ ఇచ్చిన టైరు 265/65 ఆర్ 17. ఇందులో 265 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనేది రిమ్ము అంచు నుంచి నేలను తాకే భాగం దాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. 17 రిమ్ము వ్యాసం, అది అంగుళాల్లో. ఒకే వరుసలో మిల్లీమీటరునూ శాతాన్నీ అంగుళాన్నీ కలిపి రాసిన ఈ పద్ధతిని ఎవరు కనిపెట్టారో గాని, కొనేవాడు లెక్క వేసుకోకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఉపాయం దొరకదు. అయినా లెక్క వేద్దాం. 265లో 65 శాతం అంటే గోడ ఎత్తు 172 మిల్లీమీటర్లు. పైన ఒకటి, కింద ఒకటి కనుక దాన్ని రెట్టింపు చేసి, 17 అంగుళాల రిమ్మును 432 మిల్లీమీటర్లుగా తీసుకుని కలిపితే చక్రం మొత్తం ఎత్తు 776 మిల్లీమీటర్లు వస్తుంది.

ఇప్పుడు టయోటా హైలక్స్‌ను చూడండి. ఆ పికప్‌కు 265/65 ఆర్ 17 ఒక కొలత, 265/60 ఆర్ 18 మరో కొలత. రెండో దాని మొత్తం ఎత్తు 775 మిల్లీమీటర్లు. రిమ్ము అంగుళం పెరిగింది, చక్రం ఎత్తు ఒక్క మిల్లీమీటరు తేడాతో అక్కడే ఉంది, గోడ మాత్రం 172 నుంచి 159కి తరిగింది. అదే దారిలో ఇంకొంచెం ముందుకు పోయి 265/50 ఆర్ 20 వేస్తే చక్రం ఎత్తు 773 దగ్గర ఆగుతుంది గాని, గోడ 132 మిల్లీమీటర్లకు పడిపోతుంది. దూరం నుంచి చూసినవారికి అది ఎంతో పెద్ద చక్రంలా కనబడుతుంది. నిజానికి అక్కడ పెరిగింది లోహం, తగ్గింది రబ్బరు. రిమ్మును 17 దగ్గరే ఉంచి 285/70 ఆర్ 17 వేస్తే సంగతి వేరు: గోడ దాదాపు 200 మిల్లీమీటర్లు అవుతుంది, చక్రం ఎత్తు 831కి చేరుతుంది, బండి అందులో సగం, అంటే 27 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. నేను వేయించినది ఇదే. మొదటి మార్పు ప్రయాణ సుఖాన్ని దెబ్బతీస్తుంది, మైలేజీ జోలికి పెద్దగా పోదు. రెండో మార్పు మైలేజీని గట్టిగా తాకుతుంది, ప్రయాణ సుఖం విషయంలో కొంత ఇచ్చి కొంత పుచ్చుకుంటుంది. వ్యాసకర్త రెండింటినీ కలిపి రాశారు కనుక లేఖలు రాసిన పాఠకులు ఎవరి అనుభవాన్ని వారు సత్యమని పట్టుకున్నారు.

కుదుపు సంగతిలో పికప్‌కు, కారుకు ఒక మౌలికమైన తేడా ఉంది. చాలా పికప్‌లకు వెనక ఇరుసు కింద కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. వాటిని వందల కిలోల బరువు మోయడానికి లెక్కకట్టి తయారు చేస్తారు. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఆ పట్టీలు వంగవలసినంత బరువు వాటి మీద ఉండదు. అందుకే ఖాళీ పికప్ చిన్న గతుకు మీద కూడా వెనక నుంచి ఎగిరి పడుతుంది, లోడు వేయగానే నెమ్మదిస్తుంది. ఖాళీ బండిలో వెనక సీటువారికి, రోడ్డుకు మధ్య మెత్తగా ఉండేదల్లా టైరులోని గాలి, దాని గోడ మాత్రమే. కారులో గోడ నాలుగు సెంటీమీటర్లు తగ్గితే మెత్తని కాయిల్ స్ప్రింగులు ఆ లోటును కొంత కప్పిపుచ్చుతాయి. ఖాళీ పికప్‌లో కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. నడుము విరుగుతోందని రాసిన పాఠకుడు 20 అంగుళాల రిమ్ము వంటిది వేయించి ఉంటే ఆ మాట అక్షరాలా నిజమై ఉంటుంది. పైగా ఆ గోడ పలుచనైనప్పుడు గుంత అంచు తగిలిన దెబ్బ నేరుగా రిమ్ముకే చేరి, అది వంకరపోవడమో, పగలడమో కూడా జరుగుతుంది.

మరి గోడ పెరిగితే అంతా సుఖమేనా అంటే, నేను కూడా అలాగే ఆశపడ్డాను. వేయించిన రోజు పాత చక్రాన్ని, కొత్త చక్రాన్ని ఇంట్లో మనుషులు బరువు చూసుకునే యంత్రం మీద ఒకదాని తర్వాత ఒకటి నిలబెట్టి చూశాను. టైరు, రిమ్ము కలిపి పాతది 29 కిలోలు, కొత్తది 38. ఒక్కో చక్రానికి 9 కిలోల పెరుగుదల. ఈ 9 కిలోలను లోడు వేసే చోట ఒక మూటలో పెట్టి ఉంటే నాకు తెలిసేది కూడా కాదు. అయితే చక్రం, టైరు, బ్రేకు, ఇరుసు, ఇవన్నీ స్ప్రింగులకు కింద ఉండే బరువు. బండి శరీరం స్ప్రింగుల మీద తేలుతూ ఉంటే, ఈ కింది బరువు రోడ్డుతో పాటు ఎగిరి పడుతూ ఉంటుంది. గతుకు తగిలి పైకి లేచిన చక్రాన్ని తిరిగి నేలకు దించే పని స్ప్రింగుది, దాని ఊపును ఆపే పని షాక్ అబ్జార్బరుది. ఆ షాక్ అబ్జార్బరును 29 కిలోల చక్రానికి తగినట్టు తయారు చేశారు. 38 కిలోలు వచ్చి పడినప్పుడు ఒంటరి గుంత దగ్గర తేడా అంతగా కనబడలేదు గాని, వరుసగా చిన్న చిన్న గతుకులు ఉన్న చోట చక్రం ఒక దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలి, స్టీరింగు చేతిలో వణికేది, వెనక భాగం పక్కకు జరుగుతున్నట్టు ఉండేది. పాత టైర్లతో అదే వేగంలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఎత్తయిన చక్రం గుంతల మీద సులువుగా దొర్లుతుందన్న మాట తప్పు కాదు. అది ఎంత సులువో లెక్క వేసిన వారు తక్కువ. 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గుంత మీదుగా 776 మిల్లీమీటర్ల చక్రం వెళ్తే అది జ్యామితి ప్రకారం 30 మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. 831 మిల్లీమీటర్ల చక్రం 28 దాకా దిగుతుంది. దక్కిన లాభం రెండు మిల్లీమీటర్లు. రాళ్ల దారిలో, ఇసుకలో, గాలి తగ్గించి నడిపేటప్పుడు పెద్ద టైరు నేలను పట్టుకునే తీరు వేరు; అక్కడ దాని విలువను నేను కాదనను. తారు రోడ్డు మీద మాత్రం ఈ రెండు మిల్లీమీటర్ల కోసం నాలుగు చక్రాలకూ కలిపి 36 కిలోలు అదనంగా మోయడం ఏ లెక్కకూ అందదు.

ఇక్కడ గాలి గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే సగం మంది టైరు మీద వేసే నింద నిజానికి గాలికి చెందుతుంది. ఈ పెద్ద టైర్లలో చాలా రకాలు తేలికపాటి ట్రక్కుల కోసం చేసినవి. కొలతకు ముందు ఎల్‌టీ అన్న అక్షరాలు ఉంటాయి. వాటి గోడల్లో పొరలు ఎక్కువ. బరువు మోసే తరగతిని చెప్పే చోట లోడ్ రేంజ్ 'ఈ' (E) అని రాసి ఉన్నవాటికి గరిష్ఠంగా 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా గాలి పట్టవచ్చు. అదే బరువును మోయడానికి మామూలు టైరు కంటే వీటికి కొంత ఎక్కువ గాలి కావాలి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకె కంపెనీ ఇచ్చిన టైరుకు చెందినది. కొత్త టైరుకు అది వర్తించదు. అలాగని గోడ మీద రాసి ఉన్న గరిష్ఠ అంకె 'వేయవలసిన గాలి' కూడా కాదు. నాకు టైర్లు బిగించిన దుకాణంలో ఏమీ అడగకుండా నాలుగింటికీ 50 పీఎస్ఐ కొట్టి పంపారు. రెండు వారాల పాటు ఆ బండిలో ఎక్కిన ప్రతివారూ టైర్లను తిట్టారు. టైరు తయారీదారు ఇచ్చే బరువు, గాలి పట్టిక తీసి, ఖాళీ బండికి ముందు, వెనక ఇరుసుల మీద పడే బరువును బట్టి చూసుకుని 38 పీఎస్ఐకి దించాక కుదుపు సగానికి సగం తగ్గింది. లోడు వేసిన రోజున మళ్లీ పెంచేవాణ్ని. ఈ పని రెండు నిమిషాలది, కాని దుకాణంలో ఎవరూ చెప్పరు, కొన్నవారు అడగరు. మైలేజీ కోసమని గాలిని ఇష్టం వచ్చినట్టు పెంచుకునేవారు కూడా ఉన్నారు. సగటున ఒక పీఎస్ఐ గాలి తగ్గితే మైలేజీ 0.2 శాతం మేరకు తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. తక్కువ గాలితో తిరగవద్దన్నంత వరకే ఆ మాట. అవసరానికి మించి కొడితే టైరు మధ్యలో బొజ్జలా ఉబ్బి, నడుమ భాగమే అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు నేలను పట్టుకునే మేర తగ్గుతుంది.

ఇక మైలేజీ. లేఖల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది ఈ భాగమే. బండిలోని కిలోమీటర్ల మీటరు దూరాన్ని నేరుగా కొలవదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఒక్కో చుట్టుకు ఇంత దూరమని కంపెనీ ముందుగా నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తుంది. చక్రం పెద్దదైన సంగతి దానికి తెలియదు. నేను దీన్ని కాగితం మీద నమ్మకుండా, చదునైన నేల మీద టైరుకు, నేలకు సుద్దతో ఒకే చోట గుర్తు పెట్టి, బండిని సరిగ్గా పది చుట్లు తిరిగేదాకా నెమ్మదిగా నడిపి, టేపుతో కొలిచాను. పాత చక్రంతో పది చుట్లకు 23 మీటర్ల 60 సెంటీమీటర్లు వచ్చింది. కొత్త చక్రంతో 25 మీటర్ల 25 సెంటీమీటర్లు. బరువుకు టైరు కింద కొంత అణుగుతుంది కనుక రెండూ లెక్కకు వచ్చే దూరం కంటే తక్కువే గాని, వాటి మధ్య తేడా కాగితం చెప్పినట్టే 7 శాతం. అంటే మీటరు 500 కిలోమీటర్లు చూపినప్పుడు బండి 535 తిరిగింది. మీటరు చూసి భాగహారం చేసేవారికి ఆ 35 కిలోమీటర్లు గాలిలో కలిసిపోయినట్టే.

పాత టైర్లతో నా బండి ట్యాంకు నిండా పోయించి చూసిన ప్రతిసారీ లీటరుకు 12 కిలోమీటర్ల దరిదాపుల్లో ఇచ్చేది. కొత్తవి వేశాక మీటరు లెక్కన 10కి పడిపోయింది. మీకు లేఖ రాసిన పాఠకుడు చెప్పిన ఆరో వంతు నష్టం సరిగ్గా ఇదే. 7 శాతం సవరణ కలిపితే అది 10.7 అవుతుంది, నష్టం 11 శాతం దగ్గర నిలుస్తుంది. ఈ సవరణ చేయకుండా పెద్ద టైర్లను తిట్టడం అన్యాయమైతే, సవరించి చూసి మిగిలిన 11 శాతాన్ని లేదనడం అంతకంటే అన్యాయం.

ఆ 11 శాతంలో ఒక ముక్క నా తప్పే. వేగం చూపే మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని ఐక్యరాజ్య సమితి ఐరోపా ఆర్థిక సంఘపు 39వ నిబంధన చెబుతుంది. అందువల్ల కంపెనీలు దాన్ని కొంచెం ఎక్కువ చూపేలా అమరుస్తాయి. పాత టైర్లతో మీటరు 100 చూపినప్పుడు ఫోనులోని జీపీఎస్ 96 చూపేది. కొత్త టైర్లతో అదే 100 దగ్గర 103 చూపింది. నేను అలవాటు కొద్దీ ముల్లును 100 దగ్గరే ఉంచి, నాకు తెలియకుండానే గంటకు ఏడు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతున్నాను. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఆ ఏడు కిలోమీటర్లకే అది 15 శాతం పెరిగింది. ముల్లును 93 దగ్గర ఉంచి నడపడం మొదలుపెట్టాక నిజ లెక్కన మైలేజీ 11 దాటింది. పికప్ ఎలాగూ గాలిని చీల్చుకుపోయే ఆకారం ఉన్న బండి కాదు. దాన్ని ఇంకొంచెం పైకి లేపి, అడుగున ఇంకొంచెం గాలిని రానిచ్చినప్పుడు వేగం ఖరీదు మరింత పెరుగుతుంది. టైర్లతో పాటు బండిని ఎత్తు చేసే కిట్టు కూడా వేయించినవారు టైరు నష్టాన్ని, కిట్టు నష్టాన్ని విడదీసి చెప్పలేరు.

మిగిలినది టైరు స్వభావం. టైరు దొర్లేటప్పుడు నేలను తాకే చోట నలిగి, వదిలాక తిరిగి ఆకారానికి వస్తుంది. నలగడానికి పట్టిన శక్తి అంతా తిరిగి రాదు, కొంత వేడిగా పోతుంది. దూరం పోయి దిగి టైరును చేత్తో తాకితే తెలిసే వెచ్చదనంలో ఎక్కువ భాగం ఈ ఇంధనమే. అమెరికాలోని రవాణా పరిశోధన మండలి 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ దొర్లుడు నిరోధం 10 శాతం మారితే ఇంధనం 1 నుంచి 2 శాతం మారుతుంది. మిగతావన్నీ సమానమైతే ఎత్తయిన చక్రం ఈ విషయంలో కొంచెం మేలే. కాని మిగతావి సమానంగా ఉండవు. ఎత్తుతో పాటు వెడల్పు, పొరలు, అన్నింటికంటే ముఖ్యంగా బురద కోసం చేసిన లోతైన గాట్లు వస్తాయి. రోడ్డు టైరుకు గాట్ల లోతు సాధారణంగా 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే, బురద టైరుకు 14, 15 కూడా ఉంటుంది. ఆ ఎత్తయిన రబ్బరు ముద్దలు ప్రతి చుట్టులోనూ వంగి లేస్తూ చప్పుడు చేస్తూ శక్తిని తింటాయి. అదే కొలతలో రోడ్డు రకం టైరు వేస్తే నష్టం ఇంత ఉండదు. కొలత ఒక్కటే రాసి గాట్ల రకం రాయని మైలేజీ లెక్క సగం లెక్కే. ఇంకో చిన్న మెలిక కూడా ఉంది: చాలామంది అరిగిన పాత టైర్లను తీసి కొత్త పెద్దవి వేస్తారు. అరిగిన టైరు తక్కువ నిరోధంతో దొర్లుతుంది, పైగా 8 మిల్లీమీటర్ల గాటు 1.6కి అరిగేసరికి చక్రం వ్యాసం 13 మిల్లీమీటర్లు తగ్గి మీటరు ఒకటిన్నర శాతానికి పైగా ఎక్కువ దూరం చూపుతుంది. అలా పాత లెక్క పొగడ్తగా, కొత్త లెక్క తెగడ్తగా మారుతుంది.

బరువు వల్లనే మైలేజీ పోయిందని మీ వ్యాసంలో ఉంది. దానితో నేను పూర్తిగా ఏకీభవించను. టైరు అంచున ఉన్న కిలో బరువు బండితో పాటు ముందుకు పోవాలి, తిరగనూ తిరగాలి. వేగం అందుకునేటప్పుడు అది దాదాపు రెండు కిలోల పని పెడుతుంది. నా 36 కిలోలను ఆ లెక్కన 70గా అనుకున్నా ఇంకొక మనిషిని ఎక్కించుకున్నంతే. ఆగుతూ కదులుతూ పోయే చోట అది తెలుస్తుంది, ఒకే వేగంతో సాగే రోడ్డు మీద దాదాపు తెలియదు. ఆ బరువు దెబ్బ మైలేజీ మీద కంటే కుదుపు మీద, బ్రేకుల మీద ఎక్కువ.

లాగే శక్తి విషయంలో మన భాషే కొంచెం తికమక పెడుతుంది; బండి పేరూ పికప్, అది అందుకునే ఊపునూ పికప్ అనే అంటాము. పెద్ద టైర్లు వేశాక 'పికప్‌కు పికప్ పోయింది' అన్న మెకానిక్ మాట నవ్వు తెప్పించినా, అది కొలిచి చెప్పగలిగిన మాట. ఇంజను ఇచ్చే తిప్పుడు బలం అంతే ఉండి చక్రం 7 శాతం పెద్దదైతే నేల మీద తోసే బలం ఆరున్నర శాతం తగ్గుతుంది. ఇరుసు దగ్గర చక్రాలను తిప్పే పళ్లచక్రాల (క్రౌన్, పినియన్) నిష్పత్తి 3.73 ఉన్న బండి 3.49 ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. గంటకు వంద దగ్గర 2000 చుట్లు తిరిగే ఇంజను 1870 తిరుగుతుంది కనుక ఇంధనం మిగలాలి కదా అని ఒక పాఠకుడు రాశారు. చదునైన రోడ్డు, ఖాళీ బండి, బలమైన ఇంజను ఉన్నప్పుడు ఆ వాదనలో కొంత పస ఉంది. లోడు వేసి ఎత్తు ఎక్కించినప్పుడు మాత్రం నేను పాత టైర్లతో అయిదో గేరులో ఎక్కిన చోట నాలుగుకు దిగవలసి వచ్చేది, అక్కడ మిగిలినదంతా తిరిగి ఖర్చయ్యేది. ఆటోమేటిక్ గేర్లు ఉన్న బండిలో ఆ దిగడం దానంతట అదే జరుగుతుంది కనుక నడిపేవారు గమనించరు. పాత నిష్పత్తిని కొత్త చక్రం వ్యాసంతో హెచ్చించి పాత వ్యాసంతో భాగిస్తే కావలసిన నిష్పత్తి వస్తుంది. నా బండికైతే 3.99. దానికి దగ్గరగా ఉండే పళ్లచక్రాలు దొరికితే లాగుడు తిరిగి వస్తుంది. పెద్ద టైర్లు నిజంగా అవసరమైనవారు ఈ ఖర్చును టైర్ల ఖర్చులో భాగంగా మొదటే లెక్కవేసుకోవాలి.

కంపెనీలు పెద్ద టైర్లు వేయడం లేదా అని అడగవచ్చు. వేస్తున్నాయి. ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్‌కు 2021 మోడల్‌తో 37 అంగుళాల టైర్లు ఫ్యాక్టరీ నుంచే ఇచ్చారు. ఆ బండికి వెనక కమాను పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు, క్రౌన్ నిష్పత్తి 4.10 ఉంచారు, చక్రాల పైన రేకును వెడల్పు చేశారు, మీటరును ఆ చక్రానికి తగినట్టు అమర్చారు. ఇంజనీర్లు ఒక టైరు మార్చడానికి బండి సగం మార్చారు. మనం బండిని అలాగే ఉంచి టైరు మార్చి, బండి మునుపటిలాగే నడవాలని కోరుకుంటున్నాం.

బ్రేకులు, స్టీరింగు గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రేకు పట్టు అంతే ఉండి చక్రం పెద్దదైతే నేల దగ్గర ఆపే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. పెడల్ మీద కాలు కొంచెం బరువుగా వేయవలసి వస్తుంది. వెడల్పు రిమ్ములు బయటికి పొడుచుకు వచ్చేలా వేస్తే, చక్రానికి ఒక్కో వైపు 25 మిల్లీమీటర్లు జరిగినా వీల్ బేరింగు మీద లీవరు పొడవు పెరిగి, గతుకు దెబ్బ స్టీరింగులోకి ఎక్కువ వస్తుంది. వేయించాక ఎలైన్‌మెంట్ చూపించాలి, స్టీరింగు రెండు వైపులా చివరికంటా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో, లోడు వేసినప్పుడు కూడా, చూసుకోవాలి. టైరు మీద ఉండే బరువు సూచిక పాత టైరు కంటే తక్కువ ఉండకూడదు. సూచిక 112 ఉన్న టైరు మోయగలిగేది 1120 కిలోలు, 115 ఉన్నది 1215 కిలోలు. కొన్ని ఫ్యాన్సీ కొలతలు వెడల్పుగా కనబడుతూనే ఈ సూచికలో వెనకబడి ఉంటాయి; లోడు వేసే బండికి అవి పనికిరావు.

చివరికి నేను 265/70 ఆర్ 17, రోడ్డుకు, మట్టికి మధ్యస్థంగా ఉండే రకం వేయించుకున్నాను. చక్రం ఎత్తు 803 మిల్లీమీటర్లు, పాతదాని కంటే 3.4 శాతం ఎక్కువ. గోడ 13 మిల్లీమీటర్లు పెరిగింది, చక్రం బరువు 2 కిలోలు పెరిగింది, మీటరు, జీపీఎస్ ఇప్పుడు దాదాపు ఒకే వేగం చూపుతున్నాయి, సవరించిన మైలేజీ 11.6 దగ్గర ఉంది. ఖాళీ బండిలో వెనక కూర్చున్నవారు ఫిర్యాదు చేయడం మానేశారు. ఇది నా బండికి, నా రోడ్లకు కుదిరిన కొలత; అందరికీ ఇదే వేయించమని నేను చెప్పను.

మీకు ఒక విన్నపం. ఇకపై ఇటువంటి వ్యాసాలు, లేఖలు ప్రచురించేటప్పుడు పాత కొలత, కొత్త కొలత, గాట్ల రకం, వేసిన గాలి ఎంత, మైలేజీని మీటరు లెక్కన చెప్పారా సవరించి చెప్పారా అన్న వివరాలు అడిగి వేయండి. రెండు పంక్తులు పెరుగుతాయి. ఆ వివరాలు లేని లేఖను పక్కన పెట్టినా ఎవరికీ నష్టం లేదు.

వీటికి తోడు స్టెప్నీ ఏం చేశారో కూడా అడగండి. నేను నాలుగే కొన్నాను. ఒక రాత్రి వెనక టైరు పంక్చరైతే, లోడు కింద వేలాడే పాత కొలత స్టెప్నీని బిగించి బయలుదేరాను. ఒక వైపు 831, మరో వైపు 776 మిల్లీమీటర్ల చక్రాలతో వెనక డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరిక) తిన్నని రోడ్డు మీద కూడా మలుపులో ఉన్నట్టే పని చేస్తూ వచ్చింది. మధ్యలో బురద వచ్చి ఫోర్ వీల్ డ్రైవ్ వేయబోయి, ముందు వెనక ఇరుసులు బిగుసుకుపోతాయని గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ బురద దాటడానికి గంట పట్టింది. తర్వాత అయిదో పెద్ద టైరు కొన్నాను. అది స్టెప్నీ వేలాడే చోట రెండు వేళ్ల మేర పట్టలేదు. పద్నాలుగు నెలల్లో మిగిలిన కాలమంతా ఆ 38 కిలోల చక్రం తాళ్లతో కట్టి లోడు వేసే చోటే పడి ఉంది.

భవదీయుడు,
ఒక పికప్ యజమాని